తువ్వాలు, పెన్సిల్‌తో ఆల్ప్స్ పర్వతాలు

నమస్కారం అండీ. విజయవాడలో మా మేడ మీద నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల కనిపిస్తున్నది ఇంద్రకీలాద్రి. ఒక తెల్ల కాగితం, పెన్సిల్, తువ్వాలు తెచ్చుకోండి.

ముందు తువ్వాలు. బల్ల మీద పరిచాను. ఎడమ చేయి కదపకుండా, కుడి చేత్తో మెల్లగా నెడుతున్నాను. చూశారా, మడతలు లేచాయి. ఒకటి పక్కదాని మీదకు ఒరిగింది కూడా. ఆఫ్రికా వైపు నుంచి భూఫలకం, అంటే భూమి పైపొరలోని పెద్ద రాతి పలక, వచ్చి యూరప్‌ను నెట్టినప్పుడు, మధ్యలో ఒకప్పుడు ఉన్న టెథిస్ అనే సముద్రం అడుగున పేరుకున్న పొరలు ఇలాగే ముడుచుకుని లేచాయి. అందుకే ఆల్ప్స్ సున్నపురాళ్లలో సముద్ర జీవుల శిలాజాలు దొరుకుతాయి. మన తూర్పు కనుమలు వీటికన్నా ఎంతో పాతవి, అరిగి అరిగి ఇంతైనాయి. ఆల్ప్స్ ఇంకా వయసులో ఉన్నాయి.

ఇప్పుడు గీద్దాం. మధ్యధరా తీరంలో నీస్ దగ్గర పెన్సిల్ పెట్టండి. పైకి లాగి, విల్లులా తూర్పుకు వంచి, వియన్నా దగ్గర ఆపండి. సుమారు 1,200 కిలోమీటర్లు. ఫ్రాన్స్, మొనాకో, ఇటలీ, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్, జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేనియా, మొత్తం ఎనిమిది దేశాలు. ఫ్రాన్స్, ఇటలీ సరిహద్దు దగ్గర మాంట్ బ్లాంక్ అని రాయండి. ఎత్తు 4,800 మీటర్లకు కాస్త పైన. శిఖరం మీద మంచు మందం మారుతుంటుంది కాబట్టి కొలిచిన ప్రతిసారీ కొద్దిగా తేడా వస్తుంది. రెండు పుస్తకాల్లో రెండు అంకెలుంటే టెన్షన్ పడకండి.

ఇక నాకు బాగా ఇష్టమైన చోటు. మన కృష్ణమ్మ పుట్టిన మహాబలేశ్వరానికి అరేబియా సముద్రం 64 కిలోమీటర్ల దూరమే. అయినా నీళ్లు తూర్పు వాలున పడ్డాయి కాబట్టి, 1,400 కిలోమీటర్లు నడిచి, ప్రకాశం బ్యారేజీ దాటి బంగాళాఖాతంలో కలుస్తాయి. అక్కడ వాలు రెండు వైపులే. స్విట్జర్లాండ్‌లో 2,645 మీటర్ల ఎత్తున లుంగిన్ అనే కనుమ, అంటే కొండల మధ్య దారి, ఉంది, దానికి మూడు వైపులా వాలే! ఒక పక్క పడిన చినుకు ఇన్ నదిలో చేరి, డాన్యూబ్ వెంట నల్ల సముద్రానికి పోతుంది. ఇంకో పక్కది రైన్‌లో కలిసి ఉత్తర సముద్రానికి. మూడోది పో నది మీదుగా ఏడ్రియాటిక్‌కు. అడుగు దూరంలో పడిన చినుకులు మళ్లీ కలుసుకోవు.

మీ కాగితం మీద ఆ కనుమ దగ్గర చుక్క పెట్టి, మూడు రంగులతో మూడు గీతలు సముద్రాల దాకా లాగండి. డాన్యూబ్ గీతకు చోటు చాలదు, కుడి పక్కన ఇంకో కాగితం అతికించుకోండి.