ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోయే బీమా

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, తోటి ఫార్మసిస్టులకు, ఫార్మసీ విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. 1912 సెప్టెంబరు 25న అంతర్జాతీయ ఫార్మసీ సమాఖ్య ఏర్పడినందువల్లే ఈ రోజును ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవంగా జరుపుకుంటున్నామని మీకు తెలుసు కనుక చరిత్ర జోలికి వెళ్లను. నిర్వాహకులు నాకు ‘మారుతున్న ఫార్మసీ వృత్తి’ అనే పెద్ద అంశాన్ని అప్పగించారు. అందులో నన్ను ఏళ్లుగా వేధిస్తున్న ఒక్క విషయమే మాట్లాడతాను. బీమా ఉన్న రోగికి, లేని రోగికి మనం ఒకే తీరుగా సేవ చేయగలుగుతున్నామా?

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో మొదలైంది. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమేనని భయపడిన కుటుంబాలను అది నిలబెట్టింది. దానిని తేలిక చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. అయితే ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగి కోసం రూపొందింది. ఇంటికి వెళ్లేటప్పుడు 10 రోజుల మందులిస్తారు. ఆయుష్మాన్ భారత్‌లో 15 రోజులకు ఇస్తారు. బీపీ, షుగరు, గుండె జబ్బు మాత్రం జీవితాంతం ఉంటాయి. పదకొండో రోజు నుంచి ఆ రోగి మన కౌంటరు ముందు నిలబడతాడు.

సూర్యాపేటలో మా దుకాణానికి వచ్చిన ఒక ఆటో డ్రైవరు గురించి చెప్పాలి. హైదరాబాద్‌లో ఉచితంగా స్టెంటు వేయించుకున్నాడు. ఇచ్చిన మందులు అయిపోయాక వచ్చి, స్ట్రిప్పులో ఐదు మాత్రలు కోసి ఇవ్వమన్నాడు. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆ మందును గుండెపోటు తర్వాత స్టెంటు వేసినవారు సాధారణంగా ఏడాది పాటు ఆపకూడదు. అతడు రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడు. కొన్ని చికిత్సలకు ఏడాది పాటు ఫాలోఅప్ ప్యాకేజీ ఉంటుందని, చికిత్స చేసిన ఆసుపత్రిలో అడగమని చెప్పాను. ‘అక్కడిదాకా పోతే ఆ రోజు కిరాయి పోతది సార్’ అన్నాడు. మందు ఉచితమే కావచ్చు, ప్రయాణం ఉచితం కాదు గదా! స్ట్రిప్పు కోసినప్పుడు బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఒక ముక్క మీదే మిగిలిపోతాయి. రెండో ముక్కను జేబులో పెట్టుకుని వెళ్లిన మనిషి చేతిలో తాను ఏ మందు వాడుతున్నాడో చెప్పే ఆధారమే ఉండదు.

విద్యార్థులు ఈ తేడాను గమనించాలి. బీమా సొమ్ము రావలసిన రోగి చీటీ, బిల్లు, బ్యాచ్ నంబరు అన్నీ అడిగి తీసుకుంటాడు. ఆ కాగితాల పుణ్యమా అని అతడు పోయిన నెల ఏం వాడాడో, రెండు మందులు ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో మనం చూడగలం. బీమా లేని రోగికి బిల్లుతో పని లేదు. ‘పోయినసారి తెల్ల గోలీ ఇచ్చారు, అదే ఇవ్వండి’ అంటాడు. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగికి మందుల గురించి వివరించి చెప్పే బాధ్యతను మన మీద పెట్టాయి. వాడకం చరిత్ర లేకుండా ఏం వివరించగలం? పైగా ఆ వివరణకు వెచ్చించే పది నిమిషాలకు ఏ బీమా పథకమూ రూపాయి చెల్లించదు, కాబట్టి రద్దీ వేళల్లో ముందుగా కోత పడేది దానికే.

ఆసుపత్రిలో చేరకపోయినా బీమా కింద మందులు అందాలన్నది సాధ్యం కాని కోరిక అని దయచేసి అనకండి. చందా కట్టే కార్మికుడికి ఈఎస్ఐ డిస్పెన్సరీలో, కేంద్ర ఉద్యోగికి సీజీహెచ్ఎస్‌లో ఆసుపత్రిలో చేరకపోయినా మందులు అందుతున్నాయి. ఆటో డ్రైవరుకు, కూలికి ఎందుకు అందకూడదు? ప్రభుత్వ ఆసుపత్రుల్లో బీపీ, షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు, ఆ మేలును కాదనను. కానీ అక్కడ మందు నిండుకున్న రోజున రోగి మన దగ్గరికే వస్తాడు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశం ఆరోగ్యం మీద పెట్టిన ఖర్చులో 39.4 శాతం ప్రజల సొంత జేబులోంచే వెళ్లింది. అందులో ఎంత భాగం మందులకు పోతుందో రోజూ గల్లాపెట్టె దగ్గర కూర్చునే మీకు నేను చెప్పనక్కరలేదు.

అధ్యక్షా, సాయంత్రం ఈ సభ ఆమోదించబోయే తీర్మానంలో కమీషన్ల గురించి, లైసెన్సుల గురించి ఉంది, రోగి గురించి లేదు. డిశ్చార్జి అయిన రోగి దీర్ఘకాలిక మందులను తన ఊళ్లోనే, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు దగ్గర, ఆరోగ్యశ్రీ కార్డు మీద తీసుకునే వీలు కల్పించాలని, ఆ ఫార్మసిస్టు ఇచ్చే వివరణకు రుసుము నిర్ణయించాలని అందులో చేర్చవలసిందిగా కోరుతున్నాను. ఓటింగుకు ముందు దానిని చదివి వినిపించండి.