హెచ్-1బీ ఫీజులో ఒక వాటా పేద విద్యార్థుల చదువుకు వెళ్తుందని మీకు తెలుసా?

నమస్కారం. మన బంధువుల్లోనో, మన వీధిలోనో హెచ్-1బీ వీసా మీద అమెరికాలో ఉద్యోగం చేసేవారు ఒకరైనా ఉంటారు. ఆ వీసా కోసం కంపెనీ కట్టే ఫీజులో కొంత భాగం అక్కడి తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు స్కాలర్‌షిప్‌గా వెళ్తుంది. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, గణితం వంటివి చదివే పిల్లలకు. ఈ డబ్బు సంగతి ఎంత ముఖ్యమో, దానితో పాటు పెట్టిన ఒక షరతు అంతకన్నా ముఖ్యమని నా నమ్మకం. ఈ రోజు దాని గురించే చెబుతాను.

1998లో అమెరికన్ కాంగ్రెస్ ఈ వీసాల సంఖ్యను తాత్కాలికంగా పెంచింది. బయటి దేశాల నుంచి నిపుణులను తెచ్చుకుంటున్నప్పుడు, సొంత దేశపు పిల్లలను ఆ పనికి తయారు చేసే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న అప్పుడు గట్టిగానే వచ్చింది. అందుకని ప్రతి దరఖాస్తుకూ కంపెనీ అదనంగా 500 డాలర్లు కట్టాలని చట్టంలో రాశారు. 2004 చట్టంతో అది 1,500 డాలర్లయింది. ఉద్యోగులు 25 మందికి మించని చిన్న కంపెనీకైతే 750. అందులో 30 శాతం ఈ స్కాలర్‌షిప్‌ల కోసం నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థకు వెళ్తుంది. అంటే 1,500 కట్టిన ప్రతి దరఖాస్తు నుంచీ 450 డాలర్లు. మంజూరయ్యే హెచ్-1బీ దరఖాస్తుల్లో పదింట ఏడు భారతీయులవే. అందులో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోవచ్చు.

ఒక్క మాట ఇక్కడే చెప్పేస్తాను. ఈ ఫీజు కంపెనీయే భరించాలి. ఉద్యోగి దగ్గర వసూలు చేయడం, జీతంలో కోసుకోవడం చట్టవిరుద్ధం. 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల ఫీజు వేరు, ఇది వేరు.

ఆ డబ్బుతో నడిచే పథకం పేరు ఎస్-స్టెమ్. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ విద్యార్థికి నేరుగా చెక్కు పంపదు. కాలేజీలు, విశ్వవిద్యాలయాలు పోటీపడి ఈ నిధి తెచ్చుకోవాలి. తెచ్చుకున్న దాంట్లో కనీసం 60 శాతం స్కాలర్‌షిప్‌లకే ఖర్చు పెట్టాలి. డిగ్రీ విద్యార్థికి ఏడాదికి గరిష్ఠంగా 15,000 డాలర్ల దాకా ఇవ్వవచ్చు. అయితే అందరికీ ఒకే మొత్తం ఉండదు. ట్యూషన్ ఫీజు, గది అద్దె, తిండి, పుస్తకాలు, ప్రయాణం అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో చూస్తారు. అందులోంచి ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు, ఇతర సాయం తీసేస్తారు. పెల్ గ్రాంటు గరిష్ఠంగా 7,395 డాలర్లే కాబట్టి చాలామందికి ఇంకా పెద్ద లోటే మిగులుతుంది. ఆ లోటు మేరకే ఈ స్కాలర్‌షిప్.

ఇప్పుడు ఆ షరతు చెబుతాను. స్కాలర్‌షిప్ అందుకునే ప్రతి విద్యార్థికీ ఒక అధ్యాపకుడు మార్గదర్శిగా ఉండి తీరాలి. నిధి కోసం దరఖాస్తు పెట్టేటప్పుడే ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో విశ్వవిద్యాలయం రాసి చూపాలి.

ఇది ఎందుకంత అవసరమో ఒక ఉదాహరణతో చూడండి. మొదటి ఏడాది అమ్మాయి. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. కాల్‌క్యులస్ మిడ్‌టర్మ్‌లో మార్కులు బాగా తగ్గాయి. ఆ పిల్లకు వచ్చే మొదటి ఆలోచన ఏమిటి? ‘ఈ చదువు నా వల్ల కాదు’. ఇంట్లో అడిగితే వాళ్లేం చెప్పగలరు? ప్రొఫెసర్ గదికి వెళ్లి సందేహం అడగవచ్చని కూడా ఆమెకు తెలియదు. అదే ఆమెకంటూ ఒక అధ్యాపకురాలు ఉంటే, పిలిచి కూర్చోబెట్టి ముందు అడిగేది మార్కుల గురించి కాదు. వారానికి ఎన్ని గంటలు పని చేస్తున్నావు, రాత్రి ఎన్నింటికి ఇంటికి చేరుతున్నావు అని అడుగుతారు. దుకాణంలో అర్ధరాత్రి దాకా నిలబడి వచ్చి పొద్దున ఎనిమిది గంటల క్లాసుకు వస్తోందని అప్పుడు బయటపడుతుంది. ఇక్కడ స్కాలర్‌షిప్ ఆ పని గంటలను తగ్గిస్తుంది. అధ్యాపకురాలు వచ్చే సెమిస్టరులో ఏ సబ్జెక్టులు కలిపి తీసుకోకూడదో చెబుతారు, వేసవిలో ల్యాబులో చేరడానికి సిఫారసు లేఖ రాస్తారు. ఈ రెండూ కలిసినప్పుడే ఆ అమ్మాయి రెండో ఏడాదిలో అడుగు పెడుతుంది.

కిజ్మేకియా కార్బెట్ పేరు మీలో కొందరు విని ఉంటారు. మోడర్నా కోవిడ్ టీకా వెనక ఉన్న పరిశోధనలో ముఖ్యమైన శాస్త్రవేత్త. బాల్టిమోర్ దగ్గరి యూఎంబీసీ విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు ఆమె మేయర్‌హాఫ్ స్కాలర్. 1988లో మొదలైన ఆ కార్యక్రమంలో క్లాసులు మొదలవకముందే వేసవిలో పిల్లలందరినీ ఒకచోట ఉంచి చదివిస్తారు. దానికి ఆదాయ పరిమితి లేదు. కానీ ఆమె అప్పుడే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల (ఎన్‌ఐహెచ్) అండర్‌గ్రాడ్యుయేట్ స్కాలర్ కూడా. అది వెనుకబడిన నేపథ్యం ఉన్నవారికి ఇచ్చేది. డబ్బుతో పాటు, వేసవిలో పది వారాలు అక్కడి ల్యాబులో ఒక శాస్త్రవేత్త దగ్గర పని నేర్పిస్తారు. అలా అక్కడి శాస్త్రవేత్త బార్నీ గ్రాహం దగ్గర పని చేసిన కార్బెట్, పీహెచ్‌డీ ముగించి 2014లో మళ్లీ ఆయన బృందంలోనే చేరారు. ఆ బృందమే టీకా మీద పని చేసింది.

మన దగ్గరకు వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల లక్షల మంది ఇంజినీరింగ్ చదివారు. కూలి పని చేసేవారి ఇంట్లో ఇంజినీరు పుట్టాడంటే దాని చలవే. ఎస్-స్టెమ్ చేరేది కొద్దిమందికే. సంఖ్యలో మన పథకం ముందు అది నిలవదు. ఆ గొప్పతనం నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ప్రభుత్వం ఇవ్వాల్సిన బకాయిలు పేరుకుపోయి, ఆ ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని కొన్ని కాలేజీలు పిల్లలను నిలబెట్టడం నాకు కడుపు మండే విషయం. అయినా అదొక్కటే లోపం కాదు. మన పథకం ఫీజు దగ్గరే ఆగిపోతుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన కుర్రాడికి మొదటి సెమిస్టరులో మూడు సబ్జెక్టులు పోతే అతన్ని పిలిచి మాట్లాడాల్సిన మనిషి ఎవరో ఆ పథకంలో ఎక్కడా లేదు.

మన కాలేజీల్లో మెంటర్ అనే పదం లేదా అంటే ఉంది. కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ గుర్తింపు కోసం ఒక్కో మెంటర్‌కు ఎంతమంది విద్యార్థులో లెక్క చూపాలి కాబట్టి ప్రతి విభాగంలో ఒక రిజిస్టరు ఉంటుంది. కానీ చాలాచోట్ల ఆ రిజిస్టరు తనిఖీ బృందం వచ్చే ముందు వారం నిండుతుంది. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, పేజీ తర్వాత పేజీ ‘విద్యార్థి ప్రగతి సంతృప్తికరం’. దీనికి నేను అధ్యాపకులను తప్పు పట్టను. పాఠాలు, పరీక్షల డ్యూటీలు, అడ్మిషన్ల ప్రచారం అన్నీ వాళ్ల నెత్తినే పెట్టి, జీతం కూడా నెలనెలా ఇవ్వకపోతే ఏ మాస్టారు మాత్రం సాయంత్రం ఆగి పిల్లలతో మాట్లాడతారు? మెంటరింగ్‌ను పనిగా గుర్తించాలి, ఆ మేరకు క్లాసుల భారం తగ్గించాలి, దానికి డబ్బు కేటాయించాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఇచ్చే నిధిలో చిన్న వాటా దీనికి పక్కన పెట్టడం అసాధ్యమేమీ కాదు.

విదేశాల్లో స్థిరపడి, చదివిన కాలేజీకి ఏటా స్కాలర్‌షిప్ పంపే పూర్వ విద్యార్థులను నేను కోరేది కూడా ఇదే. డబ్బు పంపేటప్పుడు ఆ విద్యార్థిని చూసుకునే అధ్యాపకుడి పేరు అడగండి. ఏడాదిలో రెండుసార్లయినా ఆయనతో ఫోనులో మాట్లాడండి. వీలైతే ఆయన సమయానికీ కొంత పారితోషికం కలపండి.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇంకొక విషయం. అక్కడ మనవాళ్లందరూ సాఫ్ట్‌వేర్ జీతాల వాళ్లు కారు. పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో పనిచేస్తూ పిల్లలను చదివిస్తున్నవారు ఉన్నారు. పిల్లలకు పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉంటే ఎస్-స్టెమ్‌కు అర్హత ఉంటుంది. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవారికి ఉండదు. ముందు ప్రభుత్వ విద్యా సాయం కోసం పెట్టే ఫాఫ్సా దరఖాస్తు తప్పకుండా నింపండి. తర్వాత పిల్లలు చేరే కాలేజీలో ఎస్-స్టెమ్ నిధి ఉందా అని ఆర్థిక సాయం కార్యాలయంతో పాటు, ఇంజినీరింగ్ లేదా కంప్యూటర్ సైన్స్ విభాగంలోనూ అడగండి. ఈ నిధి తెచ్చేదీ నడిపేదీ ఆ విభాగాల ప్రొఫెసర్లే కాబట్టి సరైన సమాధానం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.