వీఎం మారితే కౌంటర్లు ఏమైతయి?

వీఎం అంటే అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తోని నడిచే ఇంకో కంప్యూటర్. అది నడుస్తుండంగనే వేరే మిషిన్‌కు మార్చుడే లైవ్ మైగ్రేషన్. ప్రాసెసర్ ఎన్ని సైకిళ్లు తిరిగింది, ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు నడిపింది అని లెక్కబెట్టేటియి పర్ఫార్మెన్స్ కౌంటర్లు.

"లైవ్ మైగ్రేషన్ల ర్యామ్ అంతా కాపీ అయితది కదా, పర్ఫార్మెన్స్ కౌంటర్లు గూడ దాంతోనే పోతయి" అంటరు. ఈ మాట ఇని ఇని యాష్టకొచ్చింది. పోవు! కౌంటర్లు ర్యామ్‌ల ఉండవు, ప్రాసెసర్ రిజిస్టర్లల్ల ఉంటయి. పనిగట్టుకొని తీస్కపోవాలె.

హన్మకొండ నుంచి కరీంనగర్ పోయే బస్సు హుజూరాబాద్ కాడ ఖరాబైంది అనుకోండి. ఇంకో బస్సొచ్చింది. జనం ఎక్కిన్రు, మూటలు ఎక్కినయి. కిలోమీటర్ల మీటర్ మాత్రం పాత బస్సుల్నే ఉండె. కొత్త బస్సు మీటర్‌ల ఉన్నది దాని సొంత లెక్క. డిపోల అడిగితే కండక్టర్ ఏం జేస్తడు? హుజూరాబాద్ దాకా అయింది కాగితం మీద రాసుకుంటడు, అక్కడి నుంచి నడిచింది దానికి కలుపుతడు.

కేవీఎంల, అంటే వీఎంలను నడిపించే లైనక్స్ భాగంల, ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి అచ్చం గిదే. గెస్ట్ (లోపల నడిచే వీఎం) కౌంటర్ చదివితే కేవీఎం రెండు కలిపి చెప్తది: రాసిపెట్టిన పాత విలువ, అప్పటి నుంచి హోస్ట్‌ల (కింద ఉన్న అసలు మిషిన్‌ల) పర్ఫ్ ఈవెంట్, అంటే లైనక్స్ పెట్టిన లెక్క, లెక్కబెట్టింది. ఆ మొత్తాన్నే క్యూఈఎంయూ (కేవీఎంతోని కలిసి వీఎంను నడిపే ప్రోగ్రామ్) పాత మిషిన్‌ల చదివి కొత్త దాంట్ల రాస్తది.

"నాలుగు అంకెలు తప్పితే ఏమైతది?" అని తేలిగ్గ తీసెయ్యకండి. కౌంటర్‌ను లెక్క కోసమే గాదు, గంట కొట్టించేందుకు, అంటే నిండంగనే సీపీయూకు ఇంటరప్ట్ పంపేందుకు గూడ వాడుతం. మీటర్‌ను 99,900 కాడ పెడితే వంద కిలోమీటర్లకు సున్నాకు తిరుగుతది, గంట మోగుతది. అదే సున్నా నుంచి మొదలైతే? లక్ష కిలోమీటర్లు నడవాలె!

సీపీయూ బిగుసుకపోయిందా అని కాపలా కాసే లైనక్స్ హార్డ్ లాకప్ వాచ్‌డాగ్ నడిచేది గిట్లనే. కేవీఎం గెస్ట్‌ల మామూలుగ ఆపి ఉంటది, మీరు ఆన్ చేసిన్రనుకోండి. గడువు 10 సెకన్లు. 3 గిగాహెర్ట్జ్ మీద 3,000 కోట్ల సైకిళ్లు, అన్ని తిరగంగనే గంట మోగేటట్టు కౌంటర్‌ను పెడతది. మైగ్రేషన్ల కౌంటర్ సున్నా అయితే 48 బిట్లు నిండాలె, అంటే దాదాపు 281 లక్షల కోట్లు. సీపీయూ ఆగకుండ ఉరికినా 26 గంటలు! కౌంటర్‌ను ఆన్, ఆఫ్ చేసే కంట్రోల్ రిజిస్టర్ గూడ పోతే గంటనే మోగది. తను మారినట్టు గెస్ట్‌కు తెల్వనే తెల్వది, ఇగ ఎర్రర్ ఎక్కడి నుంచి వస్తది?

రాసే వరుస గూడ ముఖ్యమే. నడిచే బస్సుల మీటర్ సదరొద్దు. క్యూఈఎంయూ ముందుగాల కంట్రోల్ రిజిస్టర్లను సున్నా చేసి కౌంటర్లను ఆపుతది, విలువలు రాస్తది, ఆఖరుకు స్టార్ట్ చేస్తది. నాకు శాన నచ్చిన కోడ్ ఇది.

టైమ్ అయిపోతుంది, జల్ది చెప్తా. రెండు దిక్కుల సీపీయూ తరం ఒక్కటే ఉండాలె. ఏది లెక్కబెట్టాల్నో కౌంటర్‌కు ఒక కోడ్‌తోని చెప్తం; ఇన్‌స్ట్రక్షన్ల లెక్కసొంటి కొన్నిటికే ఇంటెల్ కోడ్ మారది, మిగిలినయి తరానికో తీరు. అంకె సక్కగ చేరినా అర్థం మారుతది. సీపీయూఐడీ (సీపీయూ తన వివరాలు చెప్పే ఇన్‌స్ట్రక్షన్) 0xA లీఫ్, అంటే అండ్ల కౌంటర్ల పేజీ, రెండు దిక్కుల కలిసిందో లేదో చూడండి, కౌంటర్లెన్ని, ఎన్ని బిట్లు అన్నది అండ్ల ఉంటది. మైగ్రేషన్ అయినంక, సీపీయూ బిజీగ ఉన్నప్పుడు, గెస్ట్‌ల /ప్రోక్/ఇంటరప్ట్స్ తెరిచి ఎన్ఎంఐ (ఆపరాని ఇంటరప్ట్, వాచ్‌డాగ్ గంట మోగేది దీంతోనే) వరుస చూడండి. వాచ్‌డాగ్ ఆన్ ఉండి అంకె పెరుగుతలేదంటే, కౌంటర్ అటు దిక్కే ఉండిపోయింది.