ముందే పారిన నీళ్లు: తోబుట్టువుల వాటాల్లో చట్టం లెక్కపెట్టని సొమ్ము

నమస్కారం. ఒక మాట నన్ను చాలా కాలంగా విసిగిస్తోంది, అందుకే ఈ వీడియో. "అన్నయ్య అమెరికా చదువుకు నాన్న 40 లక్షలు పెట్టారు కాబట్టి, రేపు పంపకాల్లో ఆ 40 లక్షలు అతని వాటాలోంచి కోసేసి మిగిలింది పంచుతారు" అని, ఊళ్లో పెద్దమనుషుల దగ్గర నుంచి బ్యాంకుల్లో అప్పుల కాగితాలు రోజూ చూసేవారి దాకా ఎంతో ధీమాగా చెబుతూ ఉంటారు. కోయరు. తండ్రి తన స్వార్జితం గురించి ఏమీ రాయకుండా కన్నుమూస్తే, ఆయన బతికుండగా ఏ బిడ్డకు ఎంత ఇచ్చారో చూసి వాటాలు సర్దమని హిందూ వారసత్వ చట్టం ఎక్కడా చెప్పదు. దీనికి కవల లాంటి మాట ఇంకొకటి ఉంది: "చెల్లెలికి పెళ్లప్పుడే ఇచ్చేశాం, ఇక ఆమెకు వాటా ఎక్కడిది?" మొదటి మాట అన్న తమ్ముడే అదే నోటితో రెండో మాట కూడా అనడం నేను విన్నాను. రెండూ ఒకే అపోహలోంచి పుట్టాయి.

ఆ అపోహను విప్పడానికి నాకు చెరువు కన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. ఒక చెరువు కింద మూడు పొలాలు ఉన్నాయనుకుందాం: తూము పక్కనే ఎగువ పొలం, మధ్యలో ఒకటి, చివరన శివారు పొలం. తూము తెరిచి మూసేవాడు నీరటి. రాయలసీమలో ఆయన్నే నీరుగంటి అంటారు. నీరటికి ఊరు వంతులు నిర్ణయించి ఇస్తుంది, తప్పితే నిలదీస్తుంది. కుటుంబంలో ఆ ఏర్పాటు లేదు. చెరువూ తండ్రే, నీరటీ తండ్రే. నీరు ఆయన స్వార్జితం అయినంత వరకు ఎవరికి ఎన్ని తడులు ఇవ్వాలన్నది పూర్తిగా ఆయన ఇష్టం, అడిగే హక్కు ఏ పొలానికీ లేదు. ఆయన ఎగువ పొలానికి ఆరు తడులు, మధ్య పొలానికి మూడు, శివారు పొలానికి ఒకటి ఇచ్చి, ఆ తర్వాత కాలం చేశారనుకోండి. అప్పుడు చట్టం వచ్చి చెరువు గట్టు మీద నిలబడి, ఆ క్షణాన చెరువులో ఎంత నీరు నిలిచి ఉందో మాత్రమే కొలుస్తుంది, దాన్నే సమానంగా పంచుతుంది. పొలాల్లోకి దిగి ఏ మడి తడిసిందో, ఏ మడి నెర్రెలు బారిందో చూడదు.

(తెర మీద: చెరువు, మూడు పొలాలు, గట్టు మీద కొలబద్ద పట్టుకున్న మనిషి)

అంకెల్లో చూద్దాం. వీలునామా లేదు, మిగిలింది 60 లక్షల ఇల్లు ఒక్కటే, వారసులు తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీరంతా మొదటి తరగతి వారసులే, అంటే అందరికన్నా ముందు సమాన వాటా పొందేవారే కాబట్టి తలా 15 లక్షలు వస్తుంది. చనిపోయిన వ్యక్తి తల్లి కూడా బతికి ఉంటే ఆవిడకూ ఒక వాటా ఉంటుంది. ఈ మామ్మగారిని మన పంపకాల్లో ఎంత సులువుగా మరిచిపోతారో చెప్పనక్కర్లేదు. పెద్దవాడి 40 లక్షలు ఈ లెక్కలో ఎక్కడా కనిపించవు. చెల్లెలి పెళ్లి ఖర్చూ కనిపించదు. పైగా కట్నం ఇవ్వడమూ, తీసుకోవడమూ 1961 నుంచి నేరమే అయినప్పుడు, ఆ కట్నాన్నే వాటా కింద జమ కట్టుకోమని కోర్టును అడగబోవడం నాకు విడ్డూరంగా తోస్తుంది. హిందూ చట్టం ఈ విషయంలో మౌనంగా ఉంటే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం 49వ సెక్షన్‌లో సూటిగానే చెప్పేసింది: తండ్రి బతికుండగా బిడ్డ అభివృద్ధి కోసం ఇచ్చిన సొమ్మును ఆ బిడ్డ వాటా కట్టేటప్పుడు లెక్కలోకి తీసుకోకూడదు.

ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే మాట వేరు. అది తండ్రి సొంత చెరువు కాదు, పుట్టుకతోనే బిడ్డలందరికీ హక్కు ఉన్న ఊరుమ్మడి చెరువు. ఆ హక్కు ఆడపిల్లలకు మన దగ్గర దేశం కన్నా ముందే వచ్చింది: ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, కానీ ఆ తేదీకి ముందే పెళ్లయినవారిని వదిలేసింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ షరతు లేకుండా కూతుళ్లందరికీ హక్కు ఇచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. ఇది విడిగా ఒక వీడియోకు సరిపడే సంగతి కాబట్టి మళ్లీ మన సొంత చెరువు దగ్గరికి వస్తాను.

చట్టం పొలాల్లోకి దిగదు సరే, అన్నదమ్ములు దిగుతారు కదా. గొడవంతా అక్కడే ఉంది. ఎవరి పొలానికి ఎన్ని తడులు అందాయన్న లెక్క ప్రతి బిడ్డ మనసులోనూ ఉంటుంది, ఏ ఇద్దరి లెక్కా కలవదు. ఎందుకు కలవదంటే, తడుల సంఖ్యతో పాటు తడి అందిన సమయాన్ని కూడా చూడాలి. నాట్ల వేళ అందిన తడి వేరు, పైరు పొట్ట మీద ఉన్నప్పుడు అందిన తడి వేరు, కోత ముందు అందిన తడి ఉపకారం మాట అటుంచి అపకారమే చేయవచ్చు. 2005లో పెద్దవాడికి ఇచ్చిన 10 లక్షలను ఏడాదికి 7 శాతం చక్రవడ్డీతో లెక్కిస్తే, ఇరవై ఏళ్లకు దాదాపు 38 లక్షల 70 వేలు అవుతుంది. కాబట్టి 2025లో చిన్నవాడి చేతిలో 10 లక్షలు పెట్టి "ఇద్దరికీ సమానంగా ఇచ్చాం" అని తల్లిదండ్రులు అంటే, కాగితం మీద అది నిజమే, చిన్నవాడి జీవితంలో కాదు. అదే పెద్దవాణ్ణి అడిగితే, ఆ 10 లక్షల మీద ఉద్యోగం తెచ్చుకున్నాక చెల్లెలి పెళ్లికి తాను పంపినది, పై అంతస్తుకు పంపినది, అమ్మ మోకాళ్ల ఆపరేషన్‌కు పంపినది వరసగా చెబుతాడు. అవన్నీ పొలం నుంచి చెరువుకు తిరిగి ఊరిన నీళ్లు. వాటికి రసీదులు ఉండవు.

మా తాతగారి పొడుగు పద్దుల పుస్తకం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఎర్ర గుడ్డ అట్ట, ప్రతి పేజీ మూలన ఉగాదినాడు పెట్టిన పసుపు మరక. అందులో ప్రతి బిడ్డకూ ఒక పేజీ కేటాయించారు. పెద్దత్త పేజీలో "పసుపు కుంకుమ కింద యకరం ఇరవై సెంట్లు" అని ఉంది. మా నాన్న పేజీలో హాస్టలు ఫీజులు, ఒక సైకిలు, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉన్నాయి. చిన్నాన్న పేజీలో ఒక్క అంకె కూడా లేదు, పైన ఒకే వాక్యం ఉంది: "ఇంటి దగ్గరే ఉన్నాడు." నలభై ఏళ్ల పాటు పశువులను, పొలాన్ని, చివరి మూడేళ్లు మంచంలో ఉన్న తాతగారిని చూసుకున్న మనిషికి జమ వైపు గాని, ఖర్చు వైపు గాని రాయడానికి తాతగారికి అంకె దొరకలేదు. ఆయన అన్యాయస్తుడని నేను అనను, కనీసం ఆ పేజీ ఉంచారు. కానీ పంపకాల నాడు ఆ పేజీ ఎవరికీ పనికిరాలేదు, ముగ్గురికీ సమంగా పోయింది. అప్పటి నుంచి చిన్నాన్న మా ఇంట్లో భోజనం చేస్తారు గాని రాత్రి మాత్రం ఉండరు.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. "మేము పిల్లలందరినీ ఒకేలా చూశాం" అన్న మాట తల్లిదండ్రులు అనకుండా ఉంటే బాగుంటుంది. ఎగువ పొలానికి ఎక్కువ నీరు పోయిన సంగతి శివారు రైతుకు తెలుసు, అందుకు కారణం చెబితే ఒప్పుకొనే పెద్దమనసు కూడా చాలాసార్లు అతనికి ఉంటుంది; అసలు పోనే లేదని అతని ముఖం మీదే అంటే మాత్రం భరించలేడు. ఒక బిడ్డ బలహీనుడు కావచ్చు, వ్యాపారం మునిగి ఉండవచ్చు, అతనికి ఎక్కువ ఇవ్వడంలో తప్పు లేదు. అయితే మడికి గండి పడిందో లేదో ముందుగా చూసుకోవాలి. గండి పూడ్చకుండా తడి మీద తడి ఇస్తూ పోతే ఆ మడీ ఎండుతుంది, చెరువూ ఎండుతుంది. చివరికి తల్లిదండ్రుల మందుల ఖర్చు కోసం, అంతవరకు ఏమీ అందని శివారు బిడ్డ దగ్గరికే వెళ్లాల్సి వస్తుంది. ఆ బిడ్డ కాదనకూడదనే చట్టం కూడా అంటుంది: తల్లిదండ్రుల పోషణ బాధ్యత కొడుకుల మీదా కూతుళ్ల మీదా ఉంటుంది, ఎవరికి ఎంత ముట్టిందన్న దానితో నిమిత్తం లేదు.

మరి తూము దగ్గర లెక్క రాసే దారి లేదా అంటే ఉంది, తల్లిదండ్రులు బతికుండగా మాత్రమే ఉంది. సమయం తక్కువ కాబట్టి త్వరగా చెబుతాను. ఇస్తున్నది సాయమా, అప్పా అన్నది ఇచ్చిన రోజే తేల్చుకోవాలి. అప్పు అయితే నోటు రాయించాలి, మూడేళ్లలోగా నోటు వెనుక చెల్లు వేయించకపోతే, అంటే కొంత సొమ్ము కట్టినట్టు రాయించకపోతే, దానికి కాలదోషం పడుతుంది, ఇక కోర్టు ద్వారా వసూలు చేసుకోలేరు. కన్నకొడుకు దగ్గర నోటు ఏమిటని మీరు నొచ్చుకుంటే, అది అప్పు కాదని మీరే ఒప్పుకున్నట్టు. సాయం అయితే వీలునామాలో ఆ సంగతి రాయాలి: "పెద్దవాడి చదువుకు ఫలానా సంవత్సరంలో ఇంత ఇచ్చినందున, చిన్నవాడు నన్ను చూసుకున్నందున, ఇల్లు చిన్నవాడికి" అని కారణంతో సహా రాస్తే, తగ్గినవారికి కూడా తమను లెక్కలో ఉంచారన్న సంగతి తెలుస్తుంది. వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

గిఫ్ట్ డీడ్ అలా కాదు. రిజిస్టరై, అవతలివారు స్వీకరించాక మనసు మార్చుకుంటే కుదరదు, తెరిచిన తూము మళ్లీ మూతపడదు. చూసుకుంటాడన్న నమ్మకంతో ఇల్లు రాసేవారు ఆ చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే రాయించాలి. అప్పుడు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ కింద, చూడని బిడ్డ నుంచి ఆస్తిని వెనక్కి తీసుకోవడానికి ఆర్డీవో దగ్గరి ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.

ముస్లిం కుటుంబాలకు ఈ లెక్క వేరు: వీలునామా ఆస్తిలో మూడో వంతుకు మించకూడదు, సాధారణంగా మిగతా వారసుల సమ్మతి లేకుండా ఒక వారసుడికి వీలునామాతో ఎక్కువ ఇవ్వడం కుదరదు, బతికుండగా ఇచ్చే దానానికి మాత్రం ఆ హద్దు లేదు.

చివరిగా, పెళ్లినాడు పందిట్లోనో, అప్పగింతలకు ముందు గదిలోనో ఆడపిల్ల చేత "నాన్న ఆస్తిలో నాకు ఇక వాటా వద్దు" అని రాయించుకునే కాగితం గురించి. తండ్రి బతికుండగా ఆయన స్వార్జితంలో ఆమెకు ఇంకా హక్కే పుట్టలేదు, పుట్టని హక్కును వదులుకోవడం సాధారణంగా చెల్లదు. ఆ కాగితం మీ బీరువాలో ఉంటే, దాన్ని నమ్ముకుని ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు ఒక న్యాయవాదికి చూపించండి, ఆ తర్వాత చెల్లెలికి ఫోన్ చేయండి.