పాత రనబౌట్‌ను చేపల పడవ చేయాలంటే ముందు ట్రాన్సమ్ చూడండి

నమస్తే అండి. ఇప్పుడు మన షెడ్డులో ఉన్నది 14 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ రనబౌట్. ముందు సగం డెక్కు, దాని మీద అద్దం, కుడి పక్కన స్టీరింగు, వెనక సీట్లు. షికారుకు చేసిన పడవ ఇది. కరీంనగర్ లోయర్ మానేరు లాంటి పెద్ద నీళ్లలో వల తీయడానికి పనికిరాదు. గాలి ఒక వైపు నుంచి నెడుతుంటే వల ఇంకో వైపుకు పోతుంది, ఆ వైపుకు నడుద్దామంటే అద్దం అడ్డం. అందుకే అద్దం, సీట్లు తీసేసి, స్టీరింగును పడవ మధ్యలో నిలబెట్టే ఒక చిన్న డబ్బా మీదికి తెస్తున్నాం. అదే సెంటర్ కన్సోల్. దాని చుట్టూ మనిషి తిరగొచ్చు, ఏ పక్క నుంచైనా వల లాగొచ్చు.

చాలామంది నన్ను మొదట అడిగేది కన్సోల్ ఎక్కడ చేయించాలని. నేను తిరిగి అడిగేది ఒకటే: ట్రాన్సమ్ చూశారా? మోటారు తగిలించే వెనక గోడ అది. పైకి ఫైబర్‌గ్లాస్ కనిపిస్తుంది గానీ, ఇలాంటి పడవల్లో చాలావాటికి లోపల ఉండేది ప్లైవుడ్.

ఇదిగో, దగ్గరగా చూపిస్తాను. సుత్తి పిడితో ఇలా కొట్టుకుంటూ రండి. ఇక్కడ టక్ టక్‌మని గట్టిగా పలుకుతోంది. మోటారు బోల్టుల కిందికి వచ్చేసరికి... విన్నారా? మెత్తగా, బోలుగా పలికింది. ఇప్పుడు లోపలి వైపు నుంచి చిన్న డ్రిల్ బిట్‌తో, బయటి పొర దాకా పోకుండా రంధ్రం వేస్తున్నాను. మంచి చెక్కయితే పొడి పొడిగా, లేత రంగు రజను రావాలి. ఇక్కడ చూడండి, నల్లగా, తడిగా, వేళ్లకు అంటుకునే ముద్ద వస్తోంది. కుళ్లిన ఆకుల వాసన. బోల్టు రంధ్రాల్లోంచి ఏళ్ల తరబడి దిగిన నీళ్ల పని ఇది. దీని మీద మోటారు పెట్టి వేగం పెంచితే, ఆ తోపుడంతా పడేది ఈ కుళ్లిన చెక్క మీదే.

కొత్త చెక్క అనగానే మన దగ్గర టేకు గుర్తొస్తుంది, ఆదిలాబాద్ టేకు మంచిదే కదా అంటారు. తలుపులకు మంచిదే. కానీ టేకులో సహజంగా నూనె ఉంటుంది, ఫైబర్‌గ్లాస్‌ను అతికించే జిగురు లాంటి రెసిన్ దాన్ని సరిగా పట్టుకోదు. మెరైన్ ప్లైవుడ్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 710 ముద్ర ఉన్నదే తీసుకోండి. 19 ఎంఎం షీట్లు రెండు అతికిస్తే 38 ఎంఎం మందం వస్తుంది. ఈ సైజు పడవకు నేను అదే వేస్తాను.

తర్వాత నేల. దాని కింద పొడవునా దూలాల్లా ఉండే స్ట్రింగర్లనూ అలాగే తట్టి చూడండి. నేల కోసే ముందు పడవను లెవెల్ చూసి, అడుగంతా ఆనేలా చెక్కల మీద కూర్చోబెట్టాలి. ట్రాన్సమ్, స్ట్రింగర్లు, ముందు డెక్కు మూడూ ఒకేసారి తీసేస్తే ఫైబర్ ఒళ్లు కొంచెం వంకర తిరుగుతుంది. ఆ వంకర మీదే రెసిన్‌తో తడిపి వేసిన కొత్త మ్యాట్ (గాజు నారల పరుపు) గట్టిపడితే ఇక సరిచేయలేం, పడవ నీళ్లలో ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. ముందు డెక్కు అలంకారం అనుకోకండి, రెండు పక్క గోడలనూ పట్టి ఉంచేది అదే. అది కోశారంటే అంచుల పొడవునా దళసరి పట్టీ వేయాలి, అడ్డంగా ఒక గోడ కూడా కట్టాలి.

నేల కింద ఫోమ్ నీళ్లు పీల్చి ఉంటే మొత్తం తీసి పారేయండి. చవగ్గా వస్తుందని దాని బదులు థర్మకోల్ కుక్కొద్దు. పాలియెస్టర్ రెసిన్ తగిలినా, పెట్రోలు తగిలినా కరిగిపోతుంది. కొత్త ఫోమ్‌ను అడుగునే కాకుండా పక్క గోడల వెంట పైదాకా పెట్టండి. పడవ నిండా నీళ్లు వచ్చినా తిరగబడకుండా నిలబెట్టేది పైనున్న ఫోమే.

రెసిన్ పని మే నెలలో పెట్టుకోకండి. వరంగల్ ఎండ 43 డిగ్రీలు దాటిన రోజున, మగ్గులో కలిపిన రెసిన్ బ్రష్ ముంచేలోపే గట్టిపడుతుంది, వేడెక్కి పొగ కూడా వస్తుంది. అలాగని రెసిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్ట్‌ను ఒక శాతం కన్నా తగ్గిస్తే పూర్తిగా గట్టిపడదు. చలికాలం పొద్దున పూట మేలు. ఇంకొక మాట, దయచేసి గుర్తుంచుకోండి: దుకాణంలో కోబాల్ట్ (రెసిన్ త్వరగా గట్టిపడేలా చేసే మందు), క్యాటలిస్ట్ విడివిడిగా ఇస్తే ఆ రెండిటినీ నేరుగా కలపకండి, పేలిపోతాయి. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ వేయాలి. గ్రైండింగ్‌కు మంచి మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి.

ఇక కన్సోల్. మన పడవ నేల వెడల్పు 54 అంగుళాలు. కన్సోల్ 24 అంగుళాలు పెడితే రెండు పక్కలా పదిహేనేసి మిగులుతాయి. అంతకన్నా వెడల్పు చేస్తే నడవడానికే చోటుండదు, మరి ఇంత పని చేసింది దేనికి? ఎత్తు కూడా తక్కువే ఉంచండి. బ్యాటరీ దాని లోపల, నేలకు ఆనించి పెట్టండి. మనిషి నిలబడి నడుపుతాడు కాబట్టి బరువు ఇప్పటికే పైకి పోతుంది. విసురు వల వేసేవాళ్లయితే ముందు భాగంలో స్క్రూ తల గానీ కొక్కెం గానీ పైకి లేచి ఉండకూడదు, వల అక్కడే చిక్కుకుంటుంది.

చోటు ఖాయం చేసే ముందు కన్సోల్‌ను బిగించకండి. మోటారు, పెట్రోలు ట్యాంకు ఎక్కించి, లోతు తక్కువ ఉన్న ఒడ్డున పడవను తేల్చండి. కన్సోల్ బరువుకు సరిపడా ఇసుక బస్తాలు మధ్యకు కాస్త వెనగ్గా పెట్టి, అక్కడే ఒక మనిషి నిలబడాలి. బయట నుంచి ఇంకొకరు నీటి గీత చూడాలి. వెనక భాగం ఎక్కువ మునుగుతుంటే బస్తాలు ముందుకు జరపండి. కుదిరిన చోట సుద్దముక్కతో గీత గీసుకోండి. స్టీరింగు కేబులు, గేర్ కేబులు కొలతలు తీయాల్సింది ఆ గీత నుంచే. పాత కేబుళ్ల పొడవు ఇక్కడ పనిచేయదు.