మెటల్ ఫినిష్ మీద క్లియర్ కోట్ వేయాలా వద్దా? ఆరు చెంచాలు, ఒక మస్టాంగ్

అందరికీ నమస్కారం. బల్ల మీద ఉన్నది 1/48 స్కేల్ పీ-51డీ మస్టాంగ్, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి యుద్ధ విమానానికి ప్లాస్టిక్ మోడల్. బోసి లోహంలా కనిపించే మెటల్ రంగు కొట్టి రెండు రోజులైంది. ఇప్పుడు ముక్కు మీద ఆలివ్ డ్రాబ్ అనే మెరుపులేని ముదురు ఆకుపచ్చ వేయాలి, రెక్కల మీద నలుపు తెలుపు చారలు రావాలి. అంటే ఇంత కష్టపడి తెచ్చిన మెరుపు మీద టేప్ అంటించాలి. మెటల్ ఫినిష్ చేసేవాళ్లకి అసలు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

చాలామంది ఏం చేస్తారంటే, భయంతో విమానం మొత్తం మీద క్లియర్ కోట్, అంటే రంగులేని పారదర్శక పైపూత, కొట్టేస్తారు. నేనూ చాలాకాలం అలాగే చేశాను. అది సరైనదేనా అని చూద్దామనే ఈ పరీక్ష పెట్టాను.

ఇవిగోండి, ఆరు ప్లాస్టిక్ చెంచాలు. అన్నిటికీ కింద నిగనిగలాడే నలుపు, దాని మీద ఆల్‌క్లాడ్ 2 వారి లాకర్ రంగు (ఘాటైన సాల్వెంట్‌తో త్వరగా ఆరే రకం), ఎయిర్‌బ్రష్‌తో 12 నుంచి 15 పీఎస్ఐ గాలి ఒత్తిడి మధ్య, పల్చగా మూడు నాలుగు పొరలు. ప్రతి చెంచాలో సగం మాత్రమే క్లియర్ కొట్టాను, మిగతా సగం అలాగే వదిలేశాను. లైటు కింద తిప్పుతున్నాను, ఆ మధ్య గీత దగ్గర చూడండి. ఎడమ పక్క, క్లియర్ లేని సగం, లోహం. కుడి పక్క వెండి రంగు. తేడా తెలుస్తోంది కదా?

కారణం ఏమిటంటే, ఈ రంగులో సన్నటి అల్యూమినియం రేకులు ఉంటాయి. ఆరేటప్పుడు అవి చేప పొలుసుల్లా ఒకదాని పక్కన ఒకటి పడుకుంటాయి. వెలుతురు నేరుగా వాటి మీద పడి తిరిగొస్తుంది, అందుకే అది లోహంలా కనిపిస్తుంది. పైన క్లియర్ పడిందంటే వెలుతురు ముందు ఆ పొర మీద పడుతుంది, తర్వాతే రేకుల దాకా వెళ్తుంది. మెరుపు ఉంటుంది కానీ అది వార్నిష్ మెరుపు.

ఇక ముఖ్యమైన నాలుగు చెంచాలు. ఘాటైన లాకర్ క్లియర్‌ని తడితడిగా కొట్టిన చెంచా ఇది. సాల్వెంట్ రేకుల్ని కదిపేసింది, బూడిద రంగు మరకలు చూడండి. అదే క్లియర్‌ని మంచులా పల్చగా కొడితే నష్టం బాగా తగ్గింది. మ్యాట్ (మెరుపు లేని) క్లియర్ సంగతి చెప్పక్కర్లేదు, లోహమే మాయమైంది. అన్నిటికంటే తక్కువ మార్పు నీటి ఆధారిత, నిగనిగలాడే క్లియర్‌తో వచ్చింది. ఇక్కడ నేను వాడింది ఆల్‌క్లాడ్ వారిదే, ఆక్వా గ్లాస్. కాస్త ముదురుగా మారింది, అంతే. క్లియర్ తప్పనిసరి అయితే నేను దీన్నే ఎంచుకుంటాను.

మరి క్లియర్ లేకుండా టేప్ వేస్తే రంగు ఊడిరాదా? కిందటేడు నా దగ్గర ఒక సేబర్ జెట్ మోడల్‌కి ఊడొచ్చింది. టేప్ తీస్తుంటే గోరంత పెచ్చు దాంతోపాటే లేచింది. దాన్ని భూతద్దం కింద పెట్టి చూస్తే మెటల్ రంగు, నలుపు, ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి అడుగున వేసే పూత) మూడూ కలిసే వచ్చాయి, కింద బోసి ప్లాస్టిక్. అంటే తప్పు పైనున్న మెటల్ రంగులో లేదు. ప్రైమర్ వేసే ముందు అక్కడ నా వేళ్ల జిడ్డు సరిగ్గా తుడవలేదు. దాని మీద క్లియర్ కొట్టి ఉంటే ఆ నాలుగో పొర కూడా పెచ్చుతోపాటే లేచేది. అందుకే చెబుతున్నాను, పూత బలం అడుగున ఉంటుంది. సబ్బు నీళ్లతో కడగండి, గ్లవ్స్ వేసుకోండి, లాకర్ ప్రైమర్ వాడండి, నలుపు పూర్తిగా ఆరేదాకా ఆగండి.

అయితే అన్ని రంగులూ ఒకటి కాదు. రుద్ది మెరుగు పెట్టే రకం మెటల్ రంగులు వేలు తగిలినా చెరిగిపోతాయి, వాటికి పైపూత ఉండాల్సిందే. ఎనామెల్ ఆధారిత మెటల్ రంగు మీద ఎనామెల్ వాష్ (గీతల్లోకి పారించే పల్చటి రంగు) పెట్టాలన్నా మధ్యలో ఒక పొర కావాలి.

ఈ మస్టాంగ్‌లో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. అసలు విమానంలో బాడీ బోసి లోహం, రెక్కలు మాత్రం కాదు. గాలి నునుపుగా జారాలని రెక్క ముందు భాగంలో అతుకులు, రివెట్లు పుట్టీతో పూడ్చి, పైన వెండి రంగు వేసేవారు. కాబట్టి ఈ మోడల్‌లో రెక్కల మీద క్లియర్ కొడుతున్నాను. వెండి రంగులా కనబడితే అది నిజానికి దగ్గరే. చారలూ అక్కడే ఎక్కువ కాబట్టి మాస్కింగ్‌కీ భద్రం. బాడీకి మాత్రం క్లియర్ వద్దు. డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు) కూడా నేరుగా వేస్తాను, ఉపరితలం ఇప్పటికే గాజులా ఉంది.

ఇప్పుడు ముక్కు. పసుపు రంగు వాషి (జపాన్ కాగితం) టేప్‌ని సన్నగా కోసి, ముందు అరచేతి వెనక రెండు మూడుసార్లు అంటించి తీస్తున్నాను, జిగురు తగ్గడానికి. అంచు మాత్రమే గట్టిగా నొక్కాలి, మిగతాది ఊరికే ఆనితే చాలు. ఆలివ్ డ్రాబ్ పల్చగా రెండు పొరలు కొట్టాను, తడి ఆరింది. టేప్‌ని రాత్రంతా ఉంచకండి, జిగురు ముద్ర పడుతుంది.

తీసేటప్పుడు చూడండి. పైకి లాగడం లేదు. టేప్‌ని దాని మీదకే మడిచి, వెనక్కి, నెమ్మదిగా. మడత దగ్గర కళ్లు పెట్టండి... రంగు కదల్లేదు. గీత శుభ్రంగా ఉంది. టేప్ జిగురు వైపు చూపిస్తున్నాను, ఒక్క వెండి చుక్క కూడా లేదు.

రెక్కల మీద క్లియర్ రేపటికి ఆరుతుంది. చారలు అప్పుడే.