కథ కింద పేరు, ఊరు

శ్రోతలకు నమస్కారం.

హన్మకొండ, పరకాల, జనగామ... ఎటు పోయినా "నేను గూడ నాలుగు కథలు రాసిన సార్" అనేవాళ్లు కనబడతారు. ఏ పత్రికకు పంపినవమ్మా అంటే మాత్రం నేల చూపులు. "వేస్తరో వెయ్యరో" అని గొణుగుడు.

ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు గోలకొండ కవుల సంచిక యాదికొస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తర్వాత కొన్నేళ్లకు, తెలంగాణలో కవులే లేరన్నట్టు ఒకరు రాశారు. ప్రతాపరెడ్డి గారికి కోపం వచ్చే ఉంటుంది. కానీ జవాబుగా ఒక వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి కవుల పద్యాలు, వాళ్ల వివరాలు తెప్పించారు. 1934లో అచ్చువేశారు. ఎంతమందో తెలుసా? 354 మంది. మూడు వందల యాభై నాలుగు మంది! వీళ్లంతా రాత్రికి రాత్రి పుట్టుకొచ్చినవాళ్లు కాదు కదా. ఉన్నారు, రాస్తున్నారు. రమ్మని పిలిచిన సంపాదకుడు ఒకాయన దొరికాడు, వీళ్లు పంపారు.

పద్యంతోపాటు పేరు, ఊరు. నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క ముచ్చటే.

ఆదివారం అనుబంధంలో పనిచేసే మిత్రుడొకాయన ఆ మధ్య నాకొక కథ చూపించాడు. ఎనుమాముల మార్కెట్లో పత్తి బస్తాల మీద రాత్రంతా పడుకున్న తండ్రీకొడుకుల కథ. తెల్లారి తేమ చూసే మిషన్ పట్టుకుని మనిషి వస్తుంటే, ఆ తండ్రి బస్తా మీది మంచును కండువాతో తుడుస్తాడు. ఆ ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "ఎప్పుడేస్తున్నరు?" అని అడిగాను. "ఎవరిదని వెయ్యాలె?" అన్నాడు. ఫైలు పేరు 'స్టోరీ ఫైనల్ న్యూ'. లోపల పేరు లేదు, ఊరు లేదు, ఫోన్ నంబరు లేదు. అవన్నీ మెయిల్‌లో రాసి ఉంటారు. ఫైలు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు మారేసరికి మెయిల్ ఎక్కడో, కథ ఎక్కడో. అలాంటి పేరుతో వచ్చిన ఫైళ్లు వాళ్ల దగ్గర ఇంకెన్నో ఉన్నాయట!

అందుకని, కథ అయిపోయిన చోటనే, అదే ఫైల్లో, మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు రాయండి. ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఇంకెక్కడా అచ్చుకాలేదు, పరిశీలనలో లేదు అనే హామీ కూడా దాని కిందనే పెట్టండి. ఫైలుకు కథ పేరు, పక్కన మీ పేరు. మళ్లీ చెప్తున్నా, అదే ఫైల్లో. యూనికోడ్‌లో అంటే ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు అక్షరాలు చెదరని పద్ధతిలో టైపు చేస్తే వాళ్లకు సుఖం. కాగితాలకు ఫోటోలు తీసి పంపితే చదవడం వాళ్లకు నరకం.

ఇంకొకటి. సంపాదకులకు నచ్చదేమోనని మీ ఊరి మాటను పుస్తకాల భాషలోకి దిద్దకండి. కాళోజీ తిరిగిన ఊళ్లో ఉండి ఆ భయమెందుకు?

కలం పేరుతో రాసేవాళ్లు పక్కనే అసలు పేరు కూడా ఇవ్వండి. పారితోషికం పంపేటప్పుడు పత్రికవాళ్లు అడిగేది బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు. నమస్కారం.